పదకొండో మనిషి

మూడో రోజు కూడా నిర్మల నాకు పచ్చదీపమే చూపించింది.

బొటనవేలు గాజుపలక మీద ఆనించి పదహారు సెకన్లు కదలకుండా కూర్చోవాలి. వేలి చెమటలో మన ముక్కుకు అందని వాసనలు రెండువేల పైచిలుకు ఉంటాయి. యంత్రం వాటన్నిటినీ ఏరుకుని ఒక గీత గీస్తుంది. ఆ గీత ఆరోగ్యవంతుల గీతల మధ్య ఒదిగితే పచ్చ, పక్కకు పొడుచుకొస్తే ఎరుపు. సూది లేదు, రక్తం లేదు. గర్భిణుల కోసం మా ల్యాబు తయారుచేసిన యంత్రం ఇది. పది నెలలుగా మూడు జిల్లాల్లో నూటపది ఆరోగ్య కేంద్రాల్లో పాత రక్తపరీక్షలు మాన్పించి దీన్నే పెట్టారు. ఊళ్ళల్లో నిర్మలమ్మ అంటారు. "నిర్మలమ్మ నవ్విందా?" అని అత్తలు కోడళ్ళను అడుగుతారట.

నాకు మూడుసార్లు నవ్వింది. నేను వేలు తీసి, చేతులు వెల్లకిలా తిప్పి చూసుకున్నాను. అరచేతుల్లో రాగిరంగు మచ్చలు, ఒక్కొక్కటి కందిబద్దంత. దురద లేదు, మంట లేదు. అరికాళ్ళలోనూ అవే.

అవి ఏమిటో నాకు తెలుసు. యంత్రంతోపాటు పంపే పుస్తకంలో సిఫిలిస్ గురించిన పేజీ రాసింది నేనే. "అరచేతులలో, అరికాళ్ళలో నొప్పి, దురద లేని మచ్చలు" అన్న వాక్యం నాదే. అయినా ఆ మూడు రోజులూ నాలో ఇద్దరు మనుషులు కాపురం చేశారు. ఒకతె స్నానాలగదిలో గడియ పెట్టుకుని ఫోనులో బొమ్మలు వెతికేది. రెండో ఆమె బయటికొచ్చేముందు ఆ వెతుకులాటంతా చెరిపేసేది. మొదటి ఆమెకు జబ్బంటే భయం. రెండో ఆమెకు మొదటి ఆమె అంటేనే భయం. పచ్చదీపం వెలిగిన ప్రతిసారీ రెండో ఆమె గెలిచేది. గతేడాది కూడా ఇలాగే వచ్చి పోయాయి కదా, సబ్బు పడలేదు, అంతే అనేది.

"చేతులకేటయిందమ్మా?" అంది నూకరత్నం.

మా ల్యాబులో గదులూ గాజుసామానూ కడిగే మనిషి. తొడుగులు మార్చుకుంటుంటే చూసేసింది.

"సబ్బు పడలేదు."

"సెప్పులిప్పినప్పుడు సూసినాను. సబ్బు అరికాళ్ళకి కూడా రాసుకుంటారేటి మీరు?"

ఆమె బకెట్టు కిందపెట్టి తలుపు దగ్గరగా వేసింది.

"మా ఆయన లారీ మీద పోయినన్నాళ్ళు నాకూ ఒకపాలి ఇలాగే లేసినాయి. ఇరవయ్యేళ్ళ కిందట. పెద్దాసుపత్రిలో తొమ్మిదో గదికి పోయినాను. పిర్రకో సూదేసినారు. రెండు రోజులు కూకోలేకపోయినాను. అంతే, ఏడుద్దామనుకునేసరికి తగ్గిపోనాది."

"నిర్మల పచ్చ చూపిస్తోంది, రత్నం."

"దానికేటి తెలుసు? నిన్నగాక మొన్న పుట్టింది." బకెట్టు ఎత్తుకుంది. "ఆదివారం కూడా తెరిసుంటాదమ్మా. మీలాంటోళ్ళు ఆదివారమే వొస్తారు."

*

తొమ్మిదో గది బయట బల్లమీద ఎనిమిదిమందిమి. ఎవరూ ఎవరినీ చూడటం లేదు. ఒక నడివయసు మనిషి హెల్మెట్టు తీయకుండా కూర్చున్నాడు. లోపల ఫ్యాను కింద సిస్టర్ ఫిలోమినా పెద్ద రిజిస్టరు ముందుంది.

"పేరు?"

దారిలో ఆటోలోనే ఒక పేరు తయారుచేసుకున్నాను. "సరోజ."

ఆమె రాయలేదు. "పొద్దుటి నుంచి నలుగురు సరోజలొచ్చారమ్మా. సూదులు తారుమారవుతాయి. ఇంకోటి చెప్పండి."

నాకు నవ్వొచ్చింది. మూడు రోజుల్లో మొదటిసారి. నవ్వాక అబద్ధం ఆడబుద్ధి కాలేదు.

"సువర్చల," అన్నాను. నా పేరే.

ఆమె అడిగినవన్నీ అడిగింది. ఎవరెవరితో, ఎన్నాళ్ళ కిందట, నొప్పిలేని పుండు ఏదైనా చూసుకున్నారా. ధోబీకి వేసిన బట్టల లెక్క రాసుకున్నట్టు రాసుకుంది. అలాంటి గొంతుకు జవాబు చెప్పడం ఇంత సులువని నాకు తెలియదు. నాకు ఈ జబ్బు రావడానికి రెండు దారులున్నాయి. నా భర్త భార్గవ్ సముద్రం అడుగు తవ్వే డ్రెడ్జర్ ఓడ మీద ఇంజనీరు, నాలుగు నెలలు నీళ్ళమీద, రెండు నెలలు ఇంట్లో. అది ఒక దారి. ఏడాదిన్నర కిందట శిక్షణకని నేను పూణేలో తొమ్మిది రోజులున్నాను. అది రెండోది. రెండూ చెప్పాను. ఆమె తలెత్తలేదు.

రక్తం తీశారు. అరగంటకి పిలిచారు.

"ఉంది," అంది ఫిలోమినా. "పోతుంది కూడా. ఇవాళ సూదులు, మూడు నెలలకి మళ్ళీ రక్తం. ఇంట్లో ఆయన్నీ తీసుకురావాలి."

నాకు ముందు కలిగింది ఏడుపు కాదు. నా కళ్ళు నన్ను మోసం చేయలేదన్న గర్వంలాంటిది. మూడు రోజులుగా ఒక యంత్రం నా చేతులను కాదంటూ ఉంటే, దాని మాట విని నా చేతులనే అనుమానించాను.

సూది మందు చిక్కటిది, నెమ్మదిగా ఎక్కుతుంది. పళ్ళు బిగబట్టుకుని బల్లమీద బోర్లా పడుకుని ఉన్నాను. ఫిలోమినా మాటల్లో పెట్టడానికేమో అడిగింది.

"గర్భమేమీ లేదు కదా?"

"లేదు."

"మంచిది. ఒకప్పుడు నెలకి అయిదారుగురు గర్భిణులు వచ్చేవాళ్ళు. ఆరోగ్య కేంద్రాల వాళ్ళు పంపేవాళ్ళు. నిర్మలమ్మ వచ్చాక ఒక్కతె కూడా రాలేదు. జబ్బే పోయిందేమో అనుకుంటున్నాం."

సూది ఇంకా లోపలే ఉంది. నేను లేవబోయాను.

"కదలకండి తల్లీ!" అని అరిచింది ఫిలోమినా.

*

ఆదివారం మధ్యాహ్నం ల్యాబులో ఎవరూ ఉండరు. ఒక పక్కకు ఒరిగి కూర్చుని యంత్రం మూలపుస్తకం తెరిచాను.

నిర్మలకు ఏ జబ్బు పేరూ తెలియదు. దానికి తెలిసిందల్లా మేము. మొదటిరోజు కొబ్బరికాయ కొట్టి, పన్నెండుమంది మనుషులం వరసగా వేలు పెట్టాం. "ఇదే ఆరోగ్యం, ఇది నేర్చుకో" అన్నాం. ఆ పన్నెండు గీతలే దాని మూలం. ఆ పన్నెండుమందిలో ఎవరి చెమటలో ఏది ఉన్నా దాని దృష్టిలో అది ఆరోగ్యమే. ఆ పన్నెండుమందినీ ఎంచింది మా డైరెక్టరు డాక్టర్ అనంతరామం గారు. అందరూ పెళ్ళయినవాళ్ళే ఉండాలన్నారు, సంసారపక్షంగా ఉండాలన్నారు. పెళ్ళికాని టెక్నీషియన్‌ను వద్దన్నారు. నూకరత్నం ఉత్సాహంగా చెయ్యి తుడుచుకుని వస్తే "ఆవిడ సంగతి మనకేం తెలుసు?" అన్నారు. తెలిసినవాళ్ళం మేము. వరసలో పదకొండోదాన్ని నేను.

అందరి రక్తమూ తీశారు, పాత పద్ధతిలో పరీక్షించి సరిచూడాలని. గొట్టాలు ఫ్రీజర్లో పెట్టాక అనంతరామం గారు పరీక్ష అక్కర్లేదని చెయ్యి ఊపేశారు. "మన ఇళ్ళ ఆడవాళ్ళకి ఆ పరీక్ష చేశామని కాగితం మీద ఉండటమే అవమానం, అమ్మాయ్. రాసెయ్." ఫారంలో "మూలసభ్యులకు రక్తపరీక్షలు జరిగినవి" అనే గడిలో టిక్కు పెట్టింది నేను. నాణ్యతాధికారిని కదా. ఆ టిక్కు పెడుతున్నప్పుడు నాకు కలిగింది తప్పు చేస్తున్నానన్న భావం కాదు. ఒక గౌరవం దక్కిన భావం. నన్ను అనుమానించనక్కర్లేదని ఒక పెద్దమనిషి అన్నాడు, చాలు, మురిసిపోయాను.

ఆ తర్వాత ప్రయోగాలలో వార్డుల నుంచి తెచ్చిన రోగులకు ఎర్రదీపం వెలిగింది నిజమే. వాళ్ళకు ఈ జబ్బుతోపాటు ఇంకో రెండు మూడు ఉండేవి. ఎరుపు దేనివల్ల వచ్చిందని మేమెవరం అడగలేదు.

ఫ్రీజరు తెరిచి పదకొండో గొట్టం తీశాను. మిగతా పదకొండూ ముట్టుకోలేదు. అవి నావి కావు. కరిగించి, పాత పద్ధతిలో పరీక్షించాను. ఉంది. కొబ్బరికాయ కొట్టిన రోజునే ఉంది.

తర్వాత నిర్మల జ్ఞాపకంలోంచి నన్ను తీసేశాను. పన్నెండులోంచి ఒక వరస చెరిపేయడం, అంతే. యంత్రం తనని తాను సర్దుకోవడానికి నాలుగు నిమిషాలు పట్టింది. వేలు పెట్టాను. పదహారు సెకన్లు.

ఎరుపు.

నూటపది కేంద్రాల్లో వేలు పెట్టిన ప్రతి గర్భిణి గీతా పేరుతో, నెలతో, ఫోను నంబరుతో సహా మా దగ్గర భద్రంగా ఉంటుంది. ఆరువేల పైచిలుకు. వాటన్నిటినీ పదకొండోమనిషి లేని నిర్మల ముందు పెట్టాను. పాత పచ్చల్లోంచి కొత్త ఎరుపులు ఒక్కొక్కటే పైకి తేలాయి. అన్నిట్లోనూ నా గీతలో పొడుచుకొచ్చిన కొసే. నలభైమూడు.

నలభైముగ్గురు ఆడవాళ్ళకు మేము "ఏమీ లేదు, వెళ్ళిరా" అని చెప్పాం. పుస్తకంలో ఆ పేజీ రాసిన మనిషిని కాబట్టి కడుపులో బిడ్డకు ఈ జబ్బు ఏం చేస్తుందో నాకు తెలుసు. సమయానికి సూది పడితే చాలావరకు ఏమీ చేయలేదనీ తెలుసు. జాబితాను నెలలవారీగా పేర్చాను. పదకొండుమందికి కాన్పు అయిపోయింది. ఏడుగురికి ఎనిమిదో నెల.

*

"సూదేమిటి?" అన్నాడు భార్గవ్. అన్నం కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది.

చెప్పాను. మచ్చలు, తొమ్మిదో గది, రేపు నువ్వూ వెళ్ళాలి. అన్నీ ఒక్క ఊపిరిలో. ఈ రెండు వారాలూ ఇంట్లోనే ఉన్నా అతను నా అరచేతులు చూడలేదు.

"నా నుంచి అంటావా?"

"అనలేదు."

"మరి నీకెక్కడిది?" గొంతు పైకి లేచింది. "ఎవరు సువర్చలా?"

ఈ ప్రశ్న వస్తుందని తెలుసు. దానికి రెండు రోజులుగా మనసులో జవాబులు రాసి కొట్టేస్తున్నాను. క్షమించమనేది ఒకటి, నిందించేది ఒకటి. రెండూ అబద్ధాలు కావు, రెండూ నిజాలూ కావు.

"ఆ ప్రశ్న నీకు కావాలంటే నాకూ కావాలి," అన్నాను. "నాలుగు నెలల చొప్పున ఆరేళ్ళు. నేను ఒక్కసారీ అడగలేదు. ఇప్పుడు అడుగుదామా? ఇద్దరం కూర్చుని తేదీలతో సహా చెప్పుకుందాం. లేదంటే ఇద్దరం సూది వేయించుకుందాం. ఏది ముందంటావ్?"

అతను చెయ్యి కడుక్కుని బాల్కనీలోకి వెళ్ళాడు. చాలాసేపు అక్కడే ఉన్నాడు. నేను కంచాలు తీసి, గిన్నెలు తోమి, వంటిల్లు తుడిచేదాకా.

"నొప్పిగా ఉంటుందా?" అన్నాడు గుమ్మంలోకి వచ్చి. మొహం ఇటు తిప్పలేదు.

"రెండు రోజులు కూర్చోలేవు."

"నీతో రాను. నేనొక్కణ్ణే వెళ్తాను."

"వెళ్ళు. సరోజ అని మాత్రం చెప్పకు."

అతనికి అర్థం కాలేదు. నేను వివరించలేదు. మా ఇద్దరిమధ్యా ఏది విరిగిందో, ఏది విరగలేదో ఆ పూట తేలేది కాదు. అంతకన్నా ముందు తేలాల్సినవి నలభైమూడు ఉన్నాయి.

*

సోమవారం తొమ్మిదింటికి అనంతరామం గారి గదిలో, కేంద్రాలన్నిటికీ పంపాల్సిన ఉత్తరం ఆయన ముందు పెట్టాను. మొదటి పేరా చదివి కళ్ళజోడు తీశారు.

"ఎవరమ్మా ఈ పదకొండో మనిషి?"

"వరస మీరే వేశారు సార్. నేను."

ఆయన చూపు బల్లమీది పేపరువెయిటు మీదికి పోయింది. అరవై దాటిన మనిషి. నా పెళ్ళికి వచ్చి అక్షతలు వేసినవారు.

"భార్గవ్..." అన్నారు సగంలో ఆగి.

"ఆ గడి ఫారంలో లేదు సార్."

"తప్పుగా అనుకోకు. నీ మంచికే చెప్తున్నాను. వచ్చే నెల యంత్రాలన్నిటికీ మార్పులు పంపుతాం కదా, అందులో మూలం కూడా మార్చేద్దాం. తర్వాతిసారి వచ్చినప్పుడు ఆ ఆడవాళ్ళకి ఎరుపు వస్తుంది, వైద్యం దొరుకుతుంది. ఎవరికీ ఏమీ తెలియదు."

"ఎనిమిదో నెలవాళ్ళకి వచ్చే నెల ఎక్కడుంది సార్?"

"ఏడుగురు," అన్నారు మెల్లగా.

"అవును, ఏడుగురు. లోపల ఏడుగురు పిల్లలు."

ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్ళారు. దూరంగా సముద్రం మీద ఓడలు ఆగి ఉన్నాయి. వెనక్కి తిరిగినప్పుడు ఆయన మొహంలో కోపం లేదు, బతిమాలుకోవడం ఉంది. నాకు కోపమైతేనే బాగుండేది.

"సరే, పంపుదాం. కానీ సాంకేతిక లోపం అని రాద్దాం. నీ పేరెందుకు?"

"లోపం అని రాస్తే ఏం లోపమని అడుగుతారు. మూలం అంటే మూలంలో ఎవరని అడుగుతారు. చెప్పకపోతే మిగతా పదకొండుమందినీ అనుమానిస్తారు. చివరికి ఆ వరసలో చోటివ్వని నూకరత్నం మీదికి తోస్తారు. మీరు తోయరు సార్, కానీ తోసేవాళ్ళుంటారు."

"నీ జీవితం గురించి ఆలోచించావా? రేపు ఈ ఊళ్ళో..."

"ఆలోచించాను. మూడు రోజులు స్నానాలగదిలో కూర్చుని అదే ఆలోచించాను. ఆ మూడు రోజుల్లో ఒక్కసారి కూడా ఈ ఆడవాళ్ళు నాకు గుర్తుకు రాలేదు. ఆ సిగ్గు నాకుంది సార్. జబ్బు గురించి సిగ్గు లేదు."

"టిక్కు పెట్టింది నువ్వే, గుర్తుందా?" అన్నారు. అది బెదిరింపు కాదు, ఆయనకు మిగిలిన చివరి మాట.

"రెండో పేరాలో రాశాను. మీరు చెప్పారని మూడో పేరాలో రాశాను. సంతకం పెడతారా?"

ఆయన పెట్టలేదు. కలం మూత తీశారు, పెట్టారు, మళ్ళీ తీశారు.

నేను నా గదికి వచ్చాను. నాణ్యతాధికారి కంప్యూటర్లో ఒక మీట ఉంటుంది. ఎవరి అనుమతీ లేకుండా అన్ని యంత్రాలనూ ఆపే మీట. ఈ ల్యాబు పుట్టాక ఎవరూ నొక్కలేదు. నొక్కాను. తెరమీద నూటపది పచ్చచుక్కలు, పడమటినుంచి మొదలై ఒక్కొక్కటే ఆరిపోయాయి. ఉత్తరం అన్ని కేంద్రాలకూ, ఆరోగ్యశాఖకూ పోయింది. "మూలంలోని పదకొండవ వ్యక్తినైన నాకు ఈ వ్యాధి ఉన్నది" అన్న వాక్యం కింద నా పేరు, హోదా, ఫోను నంబరు.

పావుగంటకు ఫోన్లు మొదలయ్యాయి. ఒక కేంద్రం డాక్టరు ధైర్యం చెప్పాడు. ఇంకొకాయన "సిగ్గూ ఎగ్గూ లేదా" అన్నాడు. "లేవండీ, మీ కేంద్రంలో ఇద్దరున్నారు, పేర్లు రాసుకోండి" అనబోయి ఆగాను. ఇవ్వను. ఆ పేర్లు ఆఫీసుల చుట్టూ తిరిగి, ఆశా కార్యకర్త గొంతులో ఊరంతా చాటింపు కావడం నాకిష్టం లేదు. నా పేరు నా ఇష్టంతో రాశాను. వాళ్ళ పేర్లు వాళ్ళవి. తొమ్మిదో గదికి ఫోను చేసి ఫిలోమినాను నలభైముగ్గురికి సూదులు సిద్ధంగా ఉంచమన్నాను. భర్తలతో కలిపితే ఎనభైఆరుమందికి కావాలంది.

నూకరత్నం టీ తెచ్చి బల్లమీద పెట్టి, ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆమె ఆ గదిలో కుర్చీలో కూర్చోవడం నేను ఎప్పుడూ చూడలేదు.

"సెప్పండి, ఎవరికి ముందు?"

"ఎనిమిదో నెలవాళ్ళకి."

మొదటి నంబరు చోడవరం దగ్గర ఒక ఊరు. సత్యవేణి, ఇరవైమూడేళ్ళు. అత్తగారు ఎత్తింది. నూకరత్నం ఫోను లాక్కుని, "ఆసుపత్రినుంచమ్మా, పిల్లదాంతోనే మాటాడాల. ఆడదాని మాట ఆడదానికే," అని గదమాయించింది. అటు ఫోను చేతులు మారింది.

"పక్కకు రా అమ్మా," అన్నాను. "ఒక్కదానివే ఉన్నావా?"

"పెరట్లో ఉన్నాను. ఏటండీ?"

చెప్పాను. యంత్రం తప్పు చెప్పిందనీ, ఒక జబ్బు ఉందనీ, దాని పేరూ, సూదితో పోతుందనీ. ఆమె గొంతు మారిపోయింది.

"ఎవల్ననుకుంటన్నావు నువ్వు? మాలాంటోళ్ళకి ఎందుకొస్తాయి అయ్యి? నానెక్కడికీ తిరగను. నీకేటి తెలుసు నా గురించి?"

"నీ గురించి నాకేమీ తెలియదు. నాకూ ఉంది కాబట్టి జబ్బు గురించి తెలుసు."

"నీకా?"

"నాకే. నిన్న సూది వేయించుకున్నాను. ఇప్పుడు ఒక పక్కకు ఒరిగి కూర్చుని నీతో మాట్లాడుతున్నాను."

కోళ్ళ అరుపులు వినిపిస్తున్నాయి. ఆమె ఊపిరి కూడా.

"ఎలాగొచ్చినాది నీకు?"

భార్గవ్ అడిగినప్పుడు నేను చెప్పలేదు. అనంతరామం గారు అడిగినప్పుడు చెప్పలేదు. ఈమె అడగడంలో తీర్పు లేదు. తన గురించి తాను అడగలేనిది నన్ను అడుగుతోంది.

"రెండు రకాలుగా వచ్చి ఉండొచ్చు. ఏదో నాకు తెలియదు. తెలియకపోయినా సూది పనిచేస్తుంది."

నూకరత్నం కుర్చీ అంచుకు జరిగింది.

"బిడ్డకేటీ అవదు కదా?"

"తొందరగా సూది పడితే చాలావరకు ఏమీ కాదు. ఆలస్యమైతే చెప్పలేను. రేపే పెద్దాసుపత్రికి రావాలి. నేను తొమ్మిదో గది గుమ్మం దగ్గరుంటాను."

"రేపు మంగళారం. ఎనిమిదో నెల. మా అత్త గడప దాటనివ్వదు."

"నేను మాట్లాడనా ఆవిడతో?"

"వొద్దు." వెనక ఎవరో పిలిచారు. ఆమె ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టలేదు, గొంతు తగ్గించనూ లేదు. "ఒత్తన్నానత్తా! రేపు నాను ఆసుపత్రికి ఎల్తన్నాను. మంగళారమైతే ఏటి, సుక్కురారమైతే ఏటి. కడుపు నాది."

తర్వాత నాతో అంది.

"ఎన్ని గంటలకి తెరుస్తారు?"